తల వంచి తీసుకున్న సంస్కారం

నా నాలుకను నోట్లో కదలనిస్తున్న దేవునికి స్తోత్రం. ఈ కలం పట్టుకున్న వేళ్లకు బలమిస్తున్నవాడికి స్తోత్రం. పొద్దున తాగిన మంచినీళ్లు దారి తప్పకుండా కడుపులోకి దిగినందుకు, మంచం దిగి నేల మీద పెట్టిన పాదం నా మాట విన్నందుకు, మెడ మీద తల నిలిచినందుకు ఆయనకే మహిమ. మా నాన్న ఇలాగే ఒక్కో అవయవం పేరూ చెప్పి ప్రార్థన చేసేవాడు. కళ్లయ్యాక చెవులు, చెవులయ్యాక చేతులు. మోకాళ్ల దాకా వచ్చేసరికి పిల్లలం నిద్రపోయేవాళ్లం. ఆ ప్రార్థన విలువ నాకు మా ఆయన జబ్బు నేర్పింది. కాబట్టి జరిగింది చెప్పేముందు, ఇచ్చినవాణ్ణి స్తుతించి మొదలుపెడుతున్నాను.

ఇది ఎనభైల నాటి సంగతి. చిలకలూరిపేటకు దగ్గర్లో, చుట్టూ పత్తీ మిరపా తప్ప మరో పంట కనపడని ఊరు మాది. నేను ఊళ్లో ఎలిమెంటరీ స్కూలు టీచర్ని. మా ఆయన పేటలో ఒక జిన్నింగ్ మిల్లులో హమాలీ. రైతులు తెచ్చిన పత్తి బోరాలను బండి మీంచి వీపుకెత్తుకుని గోడౌన్లో వేయడం ఆయన పని. ఇద్దరు మోసే బోరాను ఒక్కరే ఎత్తేవారు. పెళ్లికి ముందు ఆ బలమంతా సారా కొట్టు దగ్గర ఖర్చయ్యేది. మా నాన్న ఊళ్లో ఉపదేశి, అంటే పాస్టరు అయ్యగారు రాని వారాల్లో గుడిలో వాక్యం చెప్పేవాడు. ఆ వాక్యం విని మా ఆయన తాగుడు మానేశారు, బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తరవాత సారా ముట్టలేదు. ప్రతి ఏటా కోతకాలపు పండక్కి సంఘం ముందు నిలబడి ఒకే సాక్ష్యం చెప్పేవారు: "నేను తాగుబోతుని. ప్రభువు నా చేతిలో గ్లాసు తీసేసి తన గిన్నె పెట్టాడు." ఆ సాక్ష్యం చూసే మా నాన్న నన్ను ఆయనకిచ్చి చేశాడు. అన్నయ్యకు మాత్రం నమ్మకం కుదరలేదు. "మానినోడు మళ్లీ మొదలెట్టడని ఏంటి నాన్నా నమ్మకం?" అన్నాడు పెళ్లి మాటల్లోనే. అన్నయ్య అదే మిల్లులో మేస్త్రీ. నాన్న పోయాక సంఘపెద్దల్లో ఒకడయ్యాడు.

ఇక్కడ మా గుడి ఆచారం ఒకటి చెప్పాలి. నెలకోసారి సంస్కారం ఇస్తారు, ప్రభువు బల్ల అన్నా అదే. రొట్టెముక్క చేతిలో పెడతారు. ద్రాక్షరసం గిన్నెకు మాత్రం ఎవరి పెదవీ తగలదు. తాతల కాలంలో ఒకరి ఎంగిలి ఒకరు తాగడం మీద సంఘంలో పెద్ద తగువు నడిచిందట. అది తీర్చలేక అప్పటి అయ్యగారు ఒక ఇత్తడి కొమ్ముచెంబు తెచ్చారట. అప్పటినుంచి బల్ల ముందు మోకరించి, తల బాగా వెనక్కి వాల్చి నోరు తెరిస్తే, అయ్యగారు ఆ కొమ్ములోంచి సన్నటి ధార గొంతులోకి వదులుతారు. అయ్యగార్లు ఎందరో మారారు. తల వాల్చడం మారలేదు. కొత్తగా బాప్తిస్మం తీసుకునేవాళ్లు ముందుగా ఇంట్లో మంచినీళ్లతో అది నేర్చుకుంటారు. తల ఎంత వాలిస్తే అంత భక్తి అని మా వాళ్ల నమ్మకం.

జబ్బు మొదట చొక్కా గుండీల దగ్గర కనపడింది.

"ఏమే టీచరమ్మా, ఆ టైలరు ఈసారి గుండీలు మరీ చిన్నవి కుట్టాడేంటే?"

"అవే గుండీలయ్యా. నీ వేళ్లే లావెక్కాయి" అని నేనే వేళాకోళం చేశాను.

వేళ్లు లావెక్కలేదు. కుడిచేతి బొటనవేలి కింద ఉండే కండ కరిగి అక్కడ గుంట పడింది. తాళంచెవి తిప్పలేకపోయారు. ఆ రోజుల్లోనే భుజం కింద, చర్మం లోపల ఏదో అదురుతూ ఉండేది. "చూడవే, నా దండలో చేపపిల్ల ఈదుతోంది" అని చూపించి నవ్వేవారు. నొప్పి లేదు. తిమ్మిరి లేదు. మిరపకాయ చిదిమితే మంట తెలుస్తుంది, తెల్లారి నీళ్లు తగిలితే చలి తెలుస్తుంది. పట్టు మాత్రం లేదు. తరవాత ఎడమకాలి హవాయి చెప్పు నడుస్తూ నడుస్తూ జారిపోయి వెనకెక్కడో ఉండిపోయేది. గడప తట్టుకుని బోర్లా పడేవారు. చేతులు చిక్కిపోయి వేలాడుతుంటే కాళ్లు కర్రల్లా బిగుసుకున్నాయి. ఒకే మనిషిలో రెండు రకాల జబ్బులున్నట్టు తోచేది నాకు. ఊళ్లో ఆరెంపీ డాక్టరు నరాల నీరసం అని బలం సూదులు పొడిచాడు. మిల్లులో ఒకరోజు బోరాతో సహా కూలబడితే, అన్నయ్య ఆయన్ని బరువు పనిలోంచి తీసి, పత్తిలో పుల్లలూ ఆకులూ ఏరే ఆడవాళ్ల పక్కన కూర్చోబెట్టాడు. ఆ వేళ్లకు అదీ చేతకాలేదు.

ఆ తరవాత మాట ముద్దయింది. పొద్దున పరవాలేదనిపించేది, సాయంత్రానికి నోట్లో అన్నం పెట్టుకుని మాట్లాడినట్టుండేది. నడక తూలుడు, మాట ముద్ద, మనిషి ఒకప్పటి తాగుబోతు. ఊరు ఏమనుకుని ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. పాత స్నేహితులు బస్టాండులో ఆపి, "ఏరా, మళ్లీ దారిలో పడ్డావా? మాకు తెలీకుండా ఎక్కడ కొడుతున్నావురా?" అని వీపు చరిచేవారట. నవ్వి ఊరుకున్నానని చెప్పేవారు ఇంటికొచ్చి. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఆ ఆదివారం గుడి నిండా జనం. సంస్కారానికి ముందు పాపాలు ఒప్పుకునే ప్రార్థన. అందరం తలలు వంచి మౌనంగా ఉన్నాం. మగవాళ్ల వైపు నుంచి పెద్దగా నవ్వు వినపడింది. చూస్తే మా ఆయన. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోబోయారు, చెయ్యి లేవలేదు. నవ్వు పెరిగి పెరిగి ఏడుపయింది, ఏడుపులోంచి మళ్లీ నవ్వు వచ్చింది. నోరు నవ్వుతోంది గానీ కళ్లు బెదిరిపోయి నాకోసం వెతుకుతున్నాయి. నా పక్కన కూర్చున్న పిన్ని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, వాసన వస్తున్నట్టు. ఆమెకూ ఆయనకూ మధ్య గుడి సగం ఉంది.

నవ్వు అణిగాక ఆయన్ని పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకెళ్లాను. మోకరించారు. అలవాటుగా తల వెనక్కి వాల్చారు. అయ్యగారు కొమ్ముచెంబు వంచారు. ధార పడిన మరుక్షణం ఆయన ఒళ్లంతా ఎగిరిపడింది. రసం ముక్కులోంచీ నోట్లోంచీ చిమ్మి అయ్యగారి తెల్లటి అంగీ మీద పడింది. ఊపిరి లోపలికి పోవడం లేదు. పెదాలు నీలమయ్యాయి. అన్నయ్య పరుగెత్తుకొచ్చి ముందుకు వంచి వీపు మీద చరిచాడు. చాలాసేపటికి గొంతులో ఈలలాంటి శబ్దం వచ్చింది, ఊపిరి ఆడింది. అప్పుడు వెనకనుంచి ఎవరో అన్నారు, "అపాత్రుడిగా ముట్టుకున్నాడు. ప్రభువే బయటికి తోశాడు."

ఆ మాట మా చెవులకు ఊరికే పడిన మాట కాదు. బల్లను తగని విధంగా ముట్టుకున్నవాళ్లు బలహీనులవుతారని, రోగులవుతారని చిన్నప్పటినుంచీ విన్నవాళ్లం. ఎదురుగా బలహీనుడు ఉన్నాడు, రోగి ఉన్నాడు, అంగీ మీద ఎర్రటి మరక ఉంది. ఇంకేం సాక్ష్యం కావాలి?

మధ్యాహ్నం గుడి వరండాలో పెద్దలు కూర్చున్నారు. మా ఆయన్ని గోడకు ఆనించి బెంచీ మీద కూర్చోబెట్టాను. మెడలో కూడా బలం తగ్గింది అప్పటికే, తల ముందుకు వాలిపోయేది. సిగ్గుతో తలవంచుకున్నాడని చూసినవాళ్లు అనుకుని ఉంటారు.

"బావా, ఒక్క మాట చెప్పు" అన్నాడు అన్నయ్య. "తాగావా, లేదా?"

"లేదు." ఆ ఒక్క మాటా ముద్దగా వచ్చింది. ఒక పెద్దమనిషి కిసుక్కున నవ్వాడు.

"నవ్వకండి" అన్నారు అయ్యగారు.

"నవ్వక ఏం చెయ్యమంటారండీ? లేదని చెప్పడానికి కూడా నాలిక తిరగడం లేదు" అన్నాడా పెద్దమనిషి. తరవాత గొంతు తగ్గించి, "ఒరేయ్, మేమంతా నీతిమంతులమా ఏంటి? ఒప్పుకో. ప్రార్థన చేస్తాం. మళ్లీ బల్లకొస్తావు. అంతేగా" అన్నాడు.

"చెయ్యంది ఎట్టా ఒప్పుకోను?"

అన్నయ్య నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మాయ్. ఇంట్లో తాగుతున్నాడా?"

"అన్నయ్యా, గ్లాసు ఎత్తే చెయ్యే లేదు ఆయనకి. నోట్లోకి పోయే ప్రతి ముద్దా నేను కలిపి పెడుతున్నదే. ఆయన తాగారంటే నేను తాగించినట్టు. ఆపేటట్టయితే నన్ను కూడా ఆపండి బల్ల నుంచి."

చివరికి అయ్యగారు నేల చూస్తూ చెప్పారు, విషయం తేలేదాకా మా ఆయన సంస్కారానికి రావద్దని.

ఇంటికొచ్చాక ఆయన అన్నం ముట్టలేదు. నేను పక్కన కూర్చుంటే, ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పారు: "చచ్చిపోతానేమో టీచరమ్మా. దానికి భయం లేదు. బల్ల బయట చచ్చిపోతానేమోనని." ఆయనకు ఆస్తి అంటూ ఉన్నది ఆ సాక్ష్యం ఒక్కటే. దాన్ని గుడి వరండాలో లాగేసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే అన్నయ్య వాళ్లింటి గుమ్మంలో నిలబడి అన్నాను, "తేలాలన్నారుగా. పద, గుంటూరు పెద్దాసుపత్రికి పోయి తేల్చుకుందాం. ఆయన్ని బస్సెక్కించే బలం నాకు లేదు." అన్నయ్య మిల్లుకు కబురుపెట్టి చొక్కా వేసుకున్నాడు.

ఆసుపత్రిలో మమ్మల్ని చూసిన డాక్టరుగారు తొందర లేని మనిషి. చిన్న సుత్తితో మోకాలి కింద కొడితే కాలు ఎగిరి బల్లకు తగిలింది. కండ లేని మోచేతి దగ్గర కొట్టినా చెయ్యి అంతే గట్టిగా ఎగిరింది. అరికాలు మీద గీస్తే బొటనవేలు పైకి లేచింది. తరవాత కళ్లు మూసుకోమని దూది పింజతో ముంజేతి మీద తాకించారు.

"తెలుస్తోందా?"

"తెలుస్తోందండీ" అన్నారు మా ఆయన. "మంచి పత్తి కాదండీ అది. పింజ పొట్టిది."

డాక్టరుగారికి మాట అర్థం కాలేదు. నేను మళ్లీ చెప్పాను. ఆయన నవ్వి, దూది చూసుకుని, మా ఆయన భుజం మీద చెయ్యి వేశారు. ఆ తరవాత నోరు తెరిచి నాలుకను ఊరికే వదిలెయ్యమన్నారు. అన్నయ్యను దగ్గరికి పిలిచి టార్చిలైటు వేసి చూపించారు. నేనూ చూశాను. కదపకుండా ఉంచిన నాలుక మీద సన్నసన్నగా అదురులు పుడుతున్నాయి, లోపల పురుగులేవో మెసులుతున్నట్టు. అంచులు నొక్కుకుపోయి నాలుక చిన్నదయింది.

"దీన్ని మోటార్ న్యూరాన్ జబ్బంటారు" అన్నారు. "ఏ.ఎల్.ఎస్. అని కూడా అంటారు. కదలమని మెదడు ఇచ్చే ఆజ్ఞ కండ దాకా రెండు అంచెల్లో పోతుంది. మొదటి నరం మెదడు నుంచి వెన్నుపాము దాకా తెస్తుంది. అక్కణ్ణుంచి రెండో నరం కండకు అందిస్తుంది. ఆ రెండో నరం చచ్చిపోతే కండకు కబురు అందదు. కబురు అందని కండ అదురుతుంది, చిక్కిపోతుంది, చివరికి ఎండిపోతుంది. మొదటి నరం పోతే కండ ఉంటుంది గానీ అదుపు తప్పి బిగుసుకుంటుంది. ఈయనకు రెండు రకాలూ పోతున్నాయి. చేతులు అందుకే సన్నబడ్డాయి, కాళ్లు అందుకే కర్రలయ్యాయి."

"మిల్లులో ఇంజను బాగుంది, మిషను బాగుంది, మధ్యలో పట్టా తెగింది. అంతేనాండీ?" అన్నాడు అన్నయ్య.

"దాదాపు అంతే. తిరగని మిషను తుప్పు పడుతుంది కదా, కండ అలా పాడవుతోంది. ఆ పట్టా అతికించే మందు మా దగ్గర లేదు. ఎక్కడా లేదు."

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "తాగుడు వల్ల వచ్చిందాండీ?"

"కాదు. ఎందుకొస్తుందో ఇంకా ఎవరికీ తెలీదు. తూలేది కాళ్లు బిగుసుకుని. మాట ముద్దయ్యేది నాలుకకు బలం లేక. చూసేవాళ్లకు తాగినట్టుంటుంది. నవ్వూ ఏడుపూ కూడా అదుపులో ఉండవు, వాటి పగ్గాలూ ఆ నరాల చేతుల్లోనే ఉంటాయి. లోపల మనిషికి నవ్వు రాకపోయినా నోరు నవ్వేస్తుంది." ఆయన మా ఆయన వైపు చూసి మెల్లగా అన్నారు, "చూపు పోదు. వినికిడి పోదు. తాకితే తెలుస్తుంది. ఈయనకు తెలివి ఏమీ తగ్గలేదు, మనం మాట్లాడేదంతా అర్థమవుతూనే ఉంది. ఊపిరి తీసే కండల దాకా వస్తే మాత్రం..." అని ఆగారు.

గుడిలో జరిగింది నేను చెప్పాను. తల ఎలా వాలుస్తామో చేసి చూపించాను. డాక్టరుగారు కుర్చీలో ముందుకు జరిగారు.

"తల వెనక్కి వాల్చి, పలచటిది, ధారగా! అమ్మా, ఈయనకు అంతకంటే ప్రమాదం ఇంకోటి లేదు. మింగేటప్పుడు ఊపిరిగొట్టం మూసుకోవాలి. మూసే కండకు బలం లేదు. తల వాలిస్తే ఆ దారి ఇంకా తెరుచుకుంటుంది. నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గడ్డం ఛాతీకి ఆనించుకోవాలి. చిక్కటిది పెట్టాలి, కొంచెం కొంచెం. మింగాక దగ్గాలి, దగ్గాక మళ్లీ మింగాలి."

అన్నయ్య గోడ వైపు చూస్తున్నాడు. ప్రభువు బయటికి తోశాడని మేమంతా వణికిన ఆ క్షణంలో జరిగింది, ఇత్తడి కొమ్ములోంచి వచ్చిన ధార తప్పుదారి పట్టడం.

మెట్లు దిగేటప్పుడు అన్నయ్య ఆయన్ని వీపు మీద ఎక్కించుకున్నాడు.

"బోరా బరువెంతుంది బావా?" అన్నారు మా ఆయన వీపు మీంచి.

"కాటాకి ఎక్కే సరుకు కాదులే. ఊరుకో" అన్నాడు అన్నయ్య. బస్టాండులో అలవాటు చొప్పున చెరకురసం గ్లాసు తెచ్చి ఆయన నోటి దాకా తీసుకెళ్లి, ఆగి, మొత్తం నేల మీద పారబోశాడు. వెళ్లి అరటిపండు తెచ్చి, తన అరచేతిలోనే వేళ్లతో గుజ్జు చేశాడు. "తల వంచు బావా" అన్నాడు. అంతే. క్షమించమని నోటితో అడగలేదు, మా ఆయన దానికోసం ఎదురుచూడనూ లేదు.

ఆ వారంలోనే పెద్దలందరి ఇళ్లకూ తిరిగి అన్నయ్య డాక్టరుగారు చెప్పింది చెప్పాడు. నిషేధం తీసేశారు. అయ్యగారు మా ఇంటికొచ్చారు. అసలు కష్టం అప్పుడు మొదలయింది.

"మీ ఇంటికే తెచ్చి ఇస్తానమ్మా. నలుగురిలో వద్దు" అన్నారు. ఆయన భయం నాకు అర్థమయింది. ఆయన చేత్తో పోసింది గొంతుకడ్డం పడి మనిషి పోతే?

మా ఆయన తల అడ్డంగా ఊపారు. ఆయన మాట అప్పటికి నాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు, నేనే తిరిగి చెప్పాను. "అందరి ముందు ఆపారు. ఇచ్చేది అందరి ముందే ఇవ్వండి అంటున్నారండీ."

"మరి ధారగా పోయకూడదంటున్నారు కదా."

"రొట్టెను రసంలో నానబెట్టి గుజ్జు చేసి చెంచాతో పెట్టండి. తల వంచుకునే తీసుకుంటారు."

"రెండూ కలపడమా? ప్రభువు రొట్టె వేరుగా ఇచ్చాడు, గిన్నె వేరుగా ఇచ్చాడు. ఈ సంఘంలో అట్లా ఎన్నడూ జరగలేదమ్మా." ఆయన మొహం చేతుల్లో పెట్టుకున్నారు. "నన్ను ప్రార్థన చేసుకోనివ్వండి."

వచ్చే సంస్కారం కోతకాలపు పండుగనాడు. ఈలోగా రోజూ రాగిజావ చిక్కగా కాచి చెంచాతో అలవాటు చేశాను. గడ్డం ఆనించడం, మింగడం, దగ్గడం, మళ్లీ మింగడం. కొన్ని పూటలు బాగా దిగేది. కొన్ని పూటలు రెండో చెంచాకే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. ఆయన గొంతులో రోజుకో కండ సెలవు తీసుకుంటున్నట్టుండేది. దగ్గు కూడా బలహీనపడింది, దగ్గడానికీ కండలు కావాలి కదా. పండగ ముందే గొంతు మూసుకుపోతే? మూసుకోకపోయినా, ఆ బల్ల ముందే అడ్డం పడితే? "వద్దయ్యా, ఇంట్లోనే తీసుకో" అని బతిమాలాను ఒకరోజు. ఆయన నావైపు అదే పనిగా చూశారు. బాగా కదిలే కండలు కళ్లల్లోనే మిగిలాయి. ఆ చూపుకు ఎదురు చెప్పలేకపోయాను.

పండుగనాడు గుడి ముందే మిరప ఘాటు తగిలింది. కోతకాలపు పండక్కి రైతులూ కూలీలూ తమ పంటలో కొంత దేవుడికి తెస్తారు. పత్తి మూటలు, జొన్న కంకులు, మిరపకాయల గోతాలు. మా వైపు వాటిని టిక్కీలంటాం. ఆ ఏడాది టిక్కీలు బల్లకు రెండు వైపులా పేర్చారు. లోపల అడుగుపెట్టినవాళ్లంతా తుమ్ముతున్నారు, దగ్గుతున్నారు. నా కాళ్లు గుమ్మంలోనే ఆగిపోయాయి. ఈ ఘాటులో ఆయన ఒక్కసారి దగ్గితే చాలు.

అన్నయ్య చూశాడు. తువ్వాలు నడుముకు బిగించి ఒక టిక్కీని వీపుకెత్తుకుని బయటికి నడిచాడు.

"దేవుడికిచ్చినవి ఎండలో పడేస్తున్నావేంట్రా?" అని అరిచింది పిన్ని.

"ఇన్నాళ్లూ కల్లంలో ఎండలోనే ఉన్నాయిగా పిన్నీ. ఇంకో గంట ఉంటే నల్లబడిపోతాయా?"

"కానుకలు బల్ల దగ్గరుండాలిరా!"

"గోడవతల ఉంటే దేవుడికి కనపడవా? జరుగు, కాళ్ల మీద పడుద్ది." ఇంకా ఏదో అనబోయి పిన్ని పెద్దగా తుమ్మింది. జనం నవ్వారు. ఇంకో ఇద్దరు లేచి అన్నయ్యతో పాటు మోయడం మొదలెట్టారు. కిటికీలన్నీ తెరిచారు.

మా ఆయన్ని కుర్చీతో సహా ఎత్తుకెళ్లి బల్ల ముందు పెట్టారు. అయ్యగారు వచ్చి నిలబడ్డారు. చేతిలో కొమ్ముచెంబు లేదు. చిన్న పళ్లెంలో రొట్టె ముక్క, పక్కన చెంచా. రొట్టెను చిదిపి రసంలో నానబెట్టి మెత్తగా నూరుతుంటే వెనక బెంచీల్లో గుసగుసలు లేచాయి. అయ్యగారు తలెత్తి చూశారు. గుసగుసలు ఆగాయి.

అప్పుడే మా ఆయనకు నవ్వొచ్చింది. అదే నవ్వు, ఆగని నవ్వు. ఈసారి మాత్రం గుడిలో ఎవరూ ముక్కు మూసుకోలేదు. అయ్యగారు చెంచా పట్టుకుని అలాగే నిలబడ్డారు. నవ్వు ఏడుపయ్యింది, ఏడుపు అణిగింది. అన్నయ్య వెనకనుంచి ఆయన నుదుటి మీద చెయ్యి ఆనించి, తల మరీ వాలిపోకుండా, గడ్డం ఛాతీకి తగిలేటట్టు పట్టుకున్నాడు.

చెంచా నోట్లోకి వెళ్లింది. పెదాలు మూసుకోవడానికి కష్టపడ్డాయి. నేను మోకరించి ఆయన గొంతునే చూస్తున్నాను. గొంతుముడి కొంచెం లేచింది, దిగలేదు. కళ్లు పెద్దవయ్యాయి. అయ్యగారి మొహం పాలిపోయింది.

"దగ్గు బావా" అన్నాడు అన్నయ్య చెవిలో.

దగ్గారు. దగ్గులా లేదు, నిట్టూర్పులా ఉంది. ఏదో గురగుర. నా నోట ప్రార్థన రాలేదు. ప్రభువా అన్న పిలుపు దగ్గరే ఆగిపోయింది.

"మళ్లీ మింగు."

గొంతుముడి లేచింది. పైకి, ఇంకా పైకి. దిగింది. ఆయన ఊపిరి తీసుకున్నారు. తేటగా వినపడింది, గురగుర లేదు. మెల్లగా నోరు తెరిచి అయ్యగారికి చూపించారు, మందు మింగిన పిల్లవాడు తల్లికి చూపించినట్టు. నోట్లో ఏమీ లేదు. నాలుక మీద ఆ అదురులు ఆగకుండా పుడుతున్నాయి. ముందు వరసలో ఉన్నవాళ్లందరూ చూశారు. వరండాలో నవ్విన ఆ పెద్దమనిషి కూడా చూశాడు, తల దించుకున్నాడు.

తరవాత వంతు అన్నయ్యది. మోకరించి, తల వెనక్కి వాల్చకుండా వంచుకునే ఉన్నాడు. అయ్యగారు కొమ్ముచెంబు అందుకోబోయి, ఒక్క క్షణం చూసి, మళ్లీ చెంచా తీశారు. మిగతావాళ్లంతా ఎప్పటిలాగే తలలు వాల్చారు. ఆ చెంబు ఇప్పటికీ మా గుడిలో ఉంది. బల్ల మీద దాని పక్కన ఒక చెంచా కూడా పెడతారు, ముసలివాళ్ల కోసం, రోగుల కోసం.

ఆయన తీసుకున్న ఆఖరి సంస్కారం అదే. ఆ తరవాత గొంతు దేన్నీ ఒప్పుకోలేదు. ఊపిరి కండల దాకా వచ్చింది జబ్బు. ఒక మధ్యాహ్నం, వీధిలో పత్తి బండ్లు పోతుంటే, ఆ చప్పుడు వింటూ నిద్రలోకి జారి, మళ్లీ లేవలేదు. చివరిదాకా కళ్లు నాతో మాట్లాడుతూనే ఉన్నాయి. బల్ల బయట చనిపోలేదు. నా దేవుడు ఆయన్ని లేపలేదు. ఎందుకు లేపలేదని నేను చాలాసార్లు అడిగాను, ఇప్పటికీ అడుగుతున్నాను. మా ఆయన అడిగింది మాత్రం ఇచ్చాడు.

చదివిన మీరు ఎక్కడున్నా ఒక్క నిమిషం నాతో తల వంచండి. గడ్డం ఛాతీకి తగిలేదాకా వంచండి. మా నాన్న చేసినట్టు, మీ ఒంట్లో మాట వినే అవయవాల పేర్లు ఒక్కొక్కటే చెప్పి దేవునికి వందనాలు చెప్పండి. తరవాత నాతో కలిసి అడగండి: ప్రభువా, చెయ్యి లేవనివాళ్లకు మా చేతులివ్వు. మాట ముద్దయినవాళ్లను మేం నవ్వకుండా వినేటట్టు చెయ్యి. తూలేవాణ్ణి చూసి తీర్పు చెప్పేముందు మా నాలుకలను పట్టుకో. ఈ పూట ఒక్క ముద్ద మింగడానికి పోరాడుతున్నవాళ్ల దగ్గర నువ్వు కూర్చో, ఆ ముద్ద క్షేమంగా దిగనివ్వు. ఆమేన్.